నా అనుభవం: ప్రభుత్వానికి మన ఖర్చుల లెక్క చెప్పాలా, వద్దా?

2024 ఏప్రిల్ 29న బ్రిటన్ ప్రభుత్వం ఒక గ్రీన్ పేపర్, అంటే చర్చ కోసం పెట్టే ప్రతిపాదనల పత్రం, విడుదల చేసింది. వికలాంగులకు ఇచ్చే పిప్‌ను, అంటే పర్సనల్ ఇండిపెండెన్స్ పేమెంట్‌ను మార్చాలనుకుంటున్నామని, దానిపై అందరి అభిప్రాయం కావాలని అడిగింది. అప్పటి వర్క్ అండ్ పెన్షన్స్ మంత్రి మెల్ స్ట్రైడ్. జవాబులు పంపడానికి జులై 22 దాకా గడువిచ్చారు. మొత్తం 39 ప్రశ్నలు. చాలా వాటికి నాకు జవాబు వెంటనే తోచింది. ఖర్చుల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. వైకల్యం వల్ల వచ్చే అదనపు ఖర్చుల్లో ఏవి ముఖ్యమో వరసలో పెట్టమన్నారు. నగదుకు బదులు ఓచర్లు ఇస్తే ఎలా ఉంటుందని అడిగారు. ముందు మీరు కొనుక్కుని రసీదు పంపితే ఆ డబ్బు తిరిగి ఇచ్చే పద్ధతి ఎలా ఉంటుందనీ అడిగారు.

చెప్పాలా, వద్దా అన్నది ఆ వేసవంతా మా ఇంట్లో, మాకు తెలిసినవాళ్ల మధ్య నడిచిన చర్చ. నేను చివరికి చెప్పాను. ఎలా చెప్పానో, ఎందుకు అలా చెప్పానో రాస్తే ఇక్కడ ఉంటున్న మనవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

నాకు మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు ఉంది, ఎంఎస్ అంటారు. మాది తెనాలి దగ్గర ఊరు. పెళ్లయ్యాక ఇంగ్లండ్ వచ్చాం. మావారు ఐటీలో పనిచేస్తారు. నేను ఒక మందుల షాపులో పనిచేసేదాన్ని, నిలబడడం కష్టమయ్యాక మానేశాను. జబ్బు బయటపడినప్పుడు మేమింకా వీసా మీదే ఉన్నాం. ఆ వీసాలకు ప్రభుత్వ సాయం తీసుకోకూడదనే షరతు ఉంటుంది. అందుకని స్థిర నివాసం, అదే ఐఎల్ఆర్, వచ్చేదాకా పిప్‌కు దరఖాస్తు పెట్టలేదు. ఈ సంగతి తెలియక భయపడేవాళ్లు, తొందరపడేవాళ్లు ఇద్దరూ నాకు తెలుసు. మీ వీసా కాగితం మీద ఏముందో ముందు చూసుకోండి.

పిప్ ఫారం నింపినప్పుడు నాకు ఒక విషయం ఆశ్చర్యం అనిపించింది. అంత పెద్ద ఫారంలో మీకు ఎంత ఖర్చవుతోంది అన్న ప్రశ్న ఎక్కడా లేదు. వంట చేసుకోగలరా, స్నానం చేయగలరా, బట్టలు వేసుకోగలరా, మరుగుదొడ్డికి వెళ్లగలరా, ఎంత దూరం నడవగలరు, ఇవే అడుగుతారు. ప్రతి పనికీ పాయింట్లు ఉంటాయి. రోజువారీ పనుల్లో 8 వస్తే మామూలు రేటు, 12 వస్తే పెద్ద రేటు. మా ఊళ్లో వైకల్యాన్ని శాతాల్లో కొలిచి సదరం సర్టిఫికెట్ ఇస్తారు. ఇక్కడ పాయింట్లు. రెండు చోట్లా మనిషిని అంకెలోకి దింపడం తప్పదు, కానీ రెండు చోట్లా ఖర్చు మాత్రం అడగరు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వికలాంగుల పెన్షన్ ఆరు వేలు చేసినప్పుడు కూడా ఎవరి ఖర్చెంత అని చూడలేదు.

నాకు వంటకు పరికరాలు కావాలని 2, షవర్‌లోకి ఎక్కి దిగడానికి మనిషి కావాలని 3, నడుము కింద బట్టలు వేసుకోవడానికి సాయం కావాలని 2, మరుగుదొడ్డి దగ్గర పట్టుకోవడానికి కడ్డీ కావాలని 2, మొత్తం 9 పాయింట్లు వచ్చాయి. నడకలో కర్ర పట్టుకుని 20 మీటర్లు దాటి 50 లోపు అని 10. అంటే రెండింట్లోనూ మామూలు రేటే. 2024-25లో రోజువారీ పనులకు వారానికి 72.65 పౌండ్లు, నడకకు 28.70, కలిపి 101.35. నాలుగు వారాలకోసారి 405.40 బ్యాంకులో పడేది. దాన్ని దేనికి వాడానని ఎవరూ అడగరు. నా దృష్టిలో పిప్‌లో ఉన్న గొప్పతనం అదే. ఈ నెల టాక్సీలకు పోతుంది, వచ్చే నెల హీటింగ్‌కు పోతుంది, ఇంకో నెల ఏదీ లేకపోతే పాడైన వాషింగ్ మెషిన్‌కు పోతుంది. ఏది అవసరమో నాకు తెలుస్తుంది.

మరి రసీదుల పద్ధతి అంటే నాకెందుకు గుండె జారింది? ఎందుకంటే అది నేను అప్పటికే చూశాను.

పొద్దున్న స్నానానికి సాయం చేయడానికి మా కౌన్సిల్, అంటే ఇక్కడి స్థానిక ప్రభుత్వం, ఒక కేరర్‌ను పంపుతుంది. ఆ సేవ ఊరికే రాదు. 2014 కేర్ యాక్ట్ కింద కౌన్సిల్ మన ఆదాయం లెక్కగట్టి దానికి డబ్బు వసూలు చేయవచ్చు. భర్త జీతం చూడరు, నాది మాత్రమే చూస్తారు. నాకున్నది ఉద్యోగం చేసిన రోజుల్లో కట్టిన నేషనల్ ఇన్సూరెన్స్ మీద, జబ్బు వల్ల పనిచేయలేనివాళ్లకు వచ్చే ఈఎస్ఏ అనే భృతి, ఇంకా పిప్. నడక భాగాన్ని ముట్టుకోకూడదు, రోజువారీ భాగాన్ని మాత్రం ఆదాయంగా తీసుకుంటారు. అందులోంచి వైకల్యం వల్ల అయ్యే ఖర్చును తీసేయాలి. ఆ ఖర్చు ఇంత అని చూపించే బాధ్యత మనదే. అంటే ఒక ప్రభుత్వ శాఖ అదనపు ఖర్చుల కోసమని ఏ ప్రశ్నా వేయకుండా ఇచ్చిన డబ్బుకు ఇంకో ప్రభుత్వ విభాగం రసీదులు అడుగుతుంది.

కౌన్సిల్ ఫైనాన్స్ ఆఫీసర్ ఫోన్‌లో మర్యాదగానే మాట్లాడింది. కానీ ఆమె ముందున్న ఫారంలో మా ఇల్లు ఇమడలేదు. కరెంటు, గ్యాస్ బిల్లులు పంపాను. మీలాంటి ఇంటికి సగటు ఇంత, దానికి మించినదే అదనం అన్నారు. మేం చలికాలంలో ఒక్క గదికే హీటింగ్ పెట్టుకుని బతుకుతున్నాం కాబట్టి మా బిల్లు సగటును పెద్దగా దాటలేదు. చలికి నా కాళ్లు కొయ్యబారిపోతాయి. వేడి చేసుకోవాల్సినంత చేసుకుంటే అదనం కనపడేది, చేసుకోలేదు కాబట్టి అదనపు అవసరం లేదని తేలింది.

టాక్సీలు అన్నాను. అందుకు నడక భాగం ఉందిగా అన్నారు. ఆస్పత్రికి ఒక్కసారి పోయి రావడానికే ఒక వారం నడక భాగం అయిపోతుంది. మందుల సంగతి చెప్పాను. ఇంగ్లండ్‌లో ఉచిత మందులకు అర్హమైన జబ్బుల జాబితా ఒకటి ఉంది, ఎంఎస్ అందులో లేదు. స్కాట్లండ్, వేల్స్‌లో అందరికీ ఉచితం. ఇక్కడ 2024 మే నుంచి ఒక్కో మందుకు 9.90, ఏడాదికి ముందే కట్టే సర్టిఫికెట్ తీసుకుంటే 114.50. అది ఒప్పుకున్నారు, రసీదు ఉంది కాబట్టి.

ఇక మన వంట. ఈ భాగం ఇక్కడి ఏ ఫారంలోనూ ఎవరూ రాయగా నేను చూడలేదు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. నా చేతుల్లో పట్టు లేదు. కుక్కర్ ఎత్తలేను, గ్రైండర్ కడగలేను, కత్తి పట్టుకుంటే వేళ్లు తెగుతాయి. అందుకని ఒలిచిన వెల్లుల్లి, తరిగిన ఉల్లిపాయ, ఫ్రీజర్‌లో దొరికే కోసిన బెండకాయ, మునక్కాయ, కోరిన కొబ్బరి, డబ్బాల్లో వచ్చే దోసెల పిండి కొంటాం. ప్రతిదీ విడిగా కొని కోసుకునేదానికంటే ఖరీదు. ఇవి అందరూ కొనేవే కదా అని కొట్టేశారు. అందరూ కొనవచ్చు, ఇష్టమైతే కొంటారు. నాకు వేరే దారి లేదు.

వారంలో కొన్ని రోజులు మా పక్క వీధిలో ఉండే ఒక ఆవిడ కూరలు చేసి ఇస్తుంది. వాట్సాప్‌లో ముందు రోజు చెబితే పప్పు, వేపుడు, పులుసు డబ్బాల్లో పెట్టి పంపుతుంది. వారానికి ముప్పై పౌండ్లకు పైగా ఇస్తాం. ఆమెను రసీదు అడగగలనా? అడిగితే ఆ మర్నాడు నుంచి వండటం మానేస్తుంది, నాకు తిండి పోతుంది, ఆమెకు ఆ కాస్త ఆదాయం పోతుంది. ఇంకొక అక్క ఉంది, నన్ను తన కారులో ఎంఆర్ఐకి తీసుకెళ్లి మూడు గంటలు కూర్చుంటుంది. పార్కింగ్ డబ్బులు కూడా తీసుకోదు. డబ్బు ఇవ్వబోతే నొచ్చుకుంటుంది. పండక్కి చీర పెడతాను, వాళ్ల అబ్బాయి పుట్టినరోజుకు ఏదైనా కొంటాను. మన మధ్య సాయానికి బదులు తీర్చుకునేది ఇలాగే. కౌన్సిల్ లెక్కలో చీర ఏ పద్దు కిందికి వస్తుంది?

మావారి సంగతి అసలు ఎక్కడా రాదు. నన్ను ఆస్పత్రులకు తిప్పడానికి ఆయన వారానికి నాలుగు రోజుల పనికి మారారు, జీతం ఆ మేరకు తగ్గింది. ఇంట్లో వికలాంగులను చూసుకునేవాళ్లకు ఇచ్చే కేరర్స్ అలవెన్స్ ఉంది కదా అంటారు తెలిసినవాళ్లు. ఆ సంవత్సరం అది వారానికి 81.90, కానీ వారానికి 151 పౌండ్లకు మించి సంపాదిస్తే రాదు. కాబట్టి ఆ దారీ లేదు. ఒక మనిషి జీతంలో ఐదో వంతు నా జబ్బుకు పోతోంది, దానికి కాగితం లేదు.

చివరికి కౌన్సిల్ వాళ్లు ఒప్పుకున్న మొత్తం మా అసలు ఖర్చులో చిన్న ముక్క. నేను మళ్లీ చూడమని రాశాను, కొంత పెంచారు. ఇలాంటి వసూళ్ల మీద 2020 డిసెంబరులో హైకోర్టు నార్ఫోక్ కౌంటీ కౌన్సిల్ కేసులో తీర్పు చెప్పింది. పనిచేసేవాళ్ల జీతాన్ని వదిలేసి, పనిచేయలేనంత తీవ్రంగా వైకల్యం ఉన్నవాళ్ల బెనిఫిట్ మీద ఎక్కువ వసూలు చేయడం వివక్షేనని ఆ తీర్పు సారం. మీకు కౌన్సిల్ లెక్క తప్పనిపిస్తే వదిలేయకండి, రాతపూర్వకంగా అడగండి. ఉచితంగా సలహాలిచ్చే సిటిజన్స్ అడ్వైస్ సంస్థవాళ్లు ఉత్తరం రాయడంలో సాయం చేస్తారు.

ఇదంతా అయ్యాకే గ్రీన్ పేపర్ వచ్చింది. అందుకే రసీదు అన్న మాట చదవగానే టెన్షన్ వచ్చింది. న్యూజిలాండ్‌లో డిజబిలిటీ అలవెన్స్ అని ఒకటి ఇలాగే నడుస్తుంది, అదనపు ఖర్చుకు ఆధారాలు చూపాలి, ఒక గరిష్ఠ పరిమితి దాకా ఇస్తారు. అలాంటిది ఇక్కడికి వస్తే, ముందు ఖర్చు పెట్టడానికి చేతిలో డబ్బు లేనివాళ్లు ఏం కావాలి?

మాకు తెలిసిన ఒక పెద్దాయన ఉన్నారు, షుగర్ వల్ల చూపు చాలావరకు పోయింది. బాబాయిగారూ అని పిలుస్తాను. ఆయన ఖచ్చితంగా వద్దన్నారు. "అమ్మా, వాళ్లు అడుగుతున్నది మనకు ఎక్కువ ఇవ్వడానికి అనుకుంటున్నావా? నేను నెలకు నూటయాభై ఖర్చు పెడుతున్నానని రాస్తే, మరి నాలుగువందలు ఎందుకయ్యా నీకు అంటారు. లెక్క చెప్పినవాడికే కోత పడుతుంది" అన్నారు. ఆ మాటను తీసిపారేయలేం. నెలనెలా 33 వేల మందికి కొత్తగా పిప్ మంజూరవుతోందని, ఖర్చు భరించలేనంతగా పెరుగుతోందని చెప్పడంతోనే ఆ పత్రం మొదలైంది. అడిగేవాళ్ల ఉద్దేశం ఎటుందో అక్కడే తెలుస్తోంది.

ఆటిజం ఉన్న కొడుకు పదహారు నిండి పిప్‌కు మారిన ఒక అమ్మాయి మాత్రం ఎదురు వాదించింది. "మనం చెప్పకపోతే మన తరఫున వాళ్లే ఊహించుకుంటారు అక్కా. మా వాడు నెలకో తలుపు విరగ్గొడతాడని మంత్రిగారికి ఎలా తెలుస్తుంది?" అంది. అదీ నిజమే.

నేను చాలా ఆలోచించాను. బాబాయిగారి నూటయాభై దగ్గరే అసలు విషయం ఉందని నాకు అర్థమైంది. ఆయన ఖర్చు నూటయాభై కావడానికి కారణం ఆయన అవసరం అంత కావడం కాదు. భార్య పోయాక ఆయన బయటికి వెళ్లడమే మానేశారు. టాక్సీ ఎక్కరు, గుడికి రారు, ఉత్తరాలు చదివిపెట్టే మనిషి లేక కవర్లు బల్ల మీద పేర్చి పెడతారు. బతుకు ఎంత కుదించుకుంటే ఖర్చు అంత తగ్గుతుంది. ఆ తగ్గిన ఖర్చును చూసి ఇతనికి ఇంతే చాలు అనుకుంటే, మానుకున్నందుకు శిక్ష వేసినట్టే. ఖర్చు చూపించేది మనిషి దగ్గర ఉన్న డబ్బును. అవసరాన్ని కొలవాలంటే వేరే ప్రశ్న అడగాలి.

వికలాంగుల కోసం పనిచేసే స్కోప్ అనే సంస్థ దీన్ని వేరే దారిలో లెక్కగట్టింది. రసీదులు కూడలేదు. ఒకే ఆదాయం ఉన్న రెండు ఇళ్లలో వికలాంగులున్న ఇంటి జీవన స్థాయి ఎంత తగ్గుతోందో చూసి, ఆ తేడా పూడ్చాలంటే ఎంత కావాలో కట్టింది. 2024లో ఆ మొత్తం నెలకు 1,010 పౌండ్లు. మాకు పిప్ వచ్చేది నెలకు లెక్కేస్తే అందులో సగం కూడా కాదు. ఈ పద్ధతిలో బాబాయిగారు మానుకున్నవి కూడా లెక్కలోకి వస్తాయి. అందుకే నాకిది న్యాయంగా కనపడింది.

కాబట్టి నా జవాబు ఇలా రాశాను. ఖర్చుల ప్రశ్నకు మూడు భాగాలుగా చెప్పాను. మేం నిజంగా పెడుతున్న ఖర్చు మొదట, రసీదు ఉన్నవీ లేనివీ కలిపి. తర్వాత డబ్బు రూపంలో లేనిది, అంటే మావారి తగ్గిన జీతం, అక్క గంటలు. ఆ తర్వాత, ఎక్కువ చోటు ఇచ్చి, మేం మానుకున్నవి. బాత్రూమ్ వేడి చేసుకోవడం, వారానికోసారి డబ్బు కట్టి చేయించుకోవాల్సిన ఫిజియోథెరపీ, ఇండియా ప్రయాణం. హీత్రూ నుంచి హైదరాబాద్‌కు నేరుగా వెళ్లే విమానం టికెట్ ఎక్కువ, దుబాయ్‌లో దిగి మారే ఓపిక నాకు లేదు, ఎంఎస్ ఉందని చెబితే ట్రావెల్ ఇన్సూరెన్స్ ఇంకా ఎక్కువ. అందుకని అమ్మను చూడటానికి వెళ్లడం వాయిదా వేస్తూ వస్తున్నాను. అమ్మను చూడటం విలాసం అంటే నేను ఒప్పుకోను.

ఓచర్లు వద్దని, వాళ్లిచ్చే జాబితాలోంచే వస్తువులు ఎంచుకునే కేటలాగ్ పద్ధతి వద్దని, రసీదులు అసలే వద్దని కారణాలతో రాశాను. ఏ కేటలాగ్‌లో దోసెల పిండి ఉంటుంది? దేనికి డబ్బు వాడాలో నిర్ణయించుకునే హక్కు పోతే ఆ పేరులో ఇండిపెండెన్స్ ఎందుకు ఉండాలి అని అడిగాను. నా కౌన్సిల్ అనుభవం మొత్తం పెట్టాను, పేర్లు లేకుండా. నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు గానీ, నా క్లెయిమ్ వివరాలు గానీ రాయలేదు. అభిప్రాయ సేకరణకు పంపే జవాబు వేరు, మన క్లెయిమ్ ఫైలు వేరు. ఆ రెండిటినీ మనంతట మనం కలపాల్సిన పని లేదు. ఈ సంగతి వివరించాక బాబాయిగారు కొంచెం మెత్తబడ్డారు. ఆయన చెబుతుంటే నేను టైప్ చేశాను. పౌండ్లలో ఒక్క అంకె కూడా ఇవ్వనన్నారు. చూపు ఉన్నప్పుడు చేసి ఇప్పుడు చేయని పనులు మాత్రం ఒక్కొక్కటే చెప్పారు. అలాగే పంపించాం. నాకు నా జవాబు కంటే అదే బాగుందనిపించింది.

ఆ జులైలోనే ఎన్నికలు జరిగి ప్రభుత్వం మారింది. లేబర్ ప్రభుత్వం ఓచర్ల ఆలోచనను ముందుకు తీసుకెళ్లలేదు. హమ్మయ్య అనుకునేలోపు 2025 మార్చి 18న ఇంకో గ్రీన్ పేపర్ వచ్చింది. మొత్తం 8 పాయింట్లు ఉన్నా సరిపోదు, ఏదో ఒక పనిలో కనీసం 4 ఉండాలన్నారు. నా 9 పాయింట్లలో ఎక్కడా 4 లేదు. అంటే నా పిప్‌ను మళ్లీ పరిశీలించే రివ్యూ వచ్చిన రోజున రోజువారీ భాగం మొత్తం పోయేది. అది పోతే కౌన్సిల్ లెక్క కూడా మారేది, ఇల్లంతా తలకిందులయ్యేది. ఆ మూడు నెలలు మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా నిద్ర లేదు. జులై 1న పార్లమెంటులో చర్చ నడుస్తుండగానే మంత్రి స్టీఫెన్ టిమ్స్ లేచి ఆ నిబంధనను బిల్లులోంచి తీసేస్తున్నామని చెప్పారు. సొంత పార్టీ ఎంపీలే ఎదురు తిరగడం వల్ల జరిగింది అది. ఆ ఎంపీలకు వికలాంగులు, వాళ్ల ఇంటివాళ్లు ఉత్తరాలు రాశారు, కలిశారు, తమ ఇళ్లలో ఏం జరుగుతుందో చెప్పారు. మా ఎంపీకి నేనూ రాశాను. గ్రీన్ పేపర్‌కు పంపిన జవాబులోంచి మానుకున్నవాటి పేరా యథాతథంగా తీసి పెట్టాను.

ఇప్పుడు పిప్ మొత్తాన్ని టిమ్స్ గారి ఆధ్వర్యంలోనే సమీక్షిస్తున్నారు, 2026 శరదృతువుకల్లా ముగించాలని గడువు. వికలాంగులు కూడా అందులో భాగస్వాములని చెబుతున్నారు. ఖర్చుల ప్రశ్న మళ్లీ తప్పకుండా వస్తుంది. ఈసారి నేను ఒక్కదాన్నే కూర్చుని రాయదలచుకోలేదు. కూరలు చేసి ఇచ్చే ఆవిడ మోకాళ్లు కూడా అరిగిపోతున్నాయి, ఆమె ఇంకా దరఖాస్తే పెట్టలేదు. ఇక్కడ మేముండే ఊళ్లో పిప్ తీసుకుంటున్న తెలుగువాళ్లు, తీసుకోవడానికి మొహమాటపడుతున్నవాళ్లు నాకు కొంతమంది తెలుసు. వాళ్లందరితో కూర్చుని, ఏం కొంటున్నారన్నది తర్వాత, ముందు ఏం మానుకున్నారో రాయించాలని అనుకుంటున్నాను. తెలుగులో చెప్పినా సరే, ఇంగ్లిష్‌లో నేను పెడతాను.